పిల్లల యింగ్లీషు మాటలు - తల్లుల పని



గడచిన నెలలో నాకు వచ్చిన యుత్తరములలో నొకటి నన్ను చాలసేపు ఆలోచింపజేసినది. కృష్ణాతీరమందలి యొక పట్టణమునుండి యొక సోదరి వ్రాసిరి. ఆమె కుమార్తెకు పదునొకండేండ్లు. అమెరికాలో నున్న అక్కగారి పిల్లలు అక్కడి స్పెల్లింగు పోటీలకు చదువుచున్న మాటల పట్టికలు ఈ బాలికకును వచ్చినవి. నాటినుండి తెల్లవారుజామున లేచి కొంతసేపు, బడినుండి వచ్చి మరికొంతసేపు ఆ పట్టికలను వల్లెవేయుచున్నదట. "ఆ మాటలు నేను పుట్టి బుద్ధి యెఱిగి వినలేదు. పుస్తకము చేతబట్టుకొని, అది చెప్పు నక్షరములు సరిగా నున్నవో లేవో చూచుటయే నా పని. ఒక్క యక్షరము తప్పినచో పిల్ల కంట నీరు పెట్టుకొనును. ఈ చదువు దానికి దేనికి బనికివచ్చును? నా యింగ్లీషు అంతంతమాత్రము. నేను చేయగల సాయమేమైన గలదా?" అని యామె ప్రశ్న. చివర నింకొక మాట వ్రాసిరి: "నిన్న దానిని సోలెడు బియ్యము తెమ్మంటిని. సోల యన నేమి యని యడిగినది."

ఈ చివరి మాట చదివినపుడు నాకు గలిగిన చింత మొదటి ప్రశ్నలవలన గలుగలేదు. అయినను వరుసగా జెప్పెదను.

ఈ పోటీల సంగతి తెలియనివారికొఱకు ముందుగా కొంచెము. అమెరికాలో పిల్లలకు జరుగు జాతీయపు స్పెల్లింగు పోటీ 1925లో మొదలైనది. ఎనిమిదవ తరగతి దాటని పిల్లలే యందు బాల్గొందురు. మొదటి యేట గెలిచిన బాలుడు చెప్పిన మాట ‘గ్లాడియోలస్’, నిలువు కాడకు వరుసగా బూచెడు ఒక పూవు పేరు. నేటి పోటీ పిల్లలకు అది పాలు త్రాగినంత సులభము. మాటలు ఏటేట కఠినమగుచు వచ్చినవి. 1985లో మన దేశమునుండి వెళ్లిన కుటుంబములోని బాలుడొకడు మొదటిసారి గెలిచెను. ఆ తరువాత మనవారి పిల్లల పేళ్లు తఱచుగా వినవచ్చుచున్నవి. వారిలో తెలుగువారి పిల్లలును గలరు. 2003లో సాయి గుంటూరి, 2012లో స్నిగ్ధ నందిపాటి, 2024లో బృహత్ సోమ గెలిచిరి. గుంటూరి చెప్పిన ‘పోకోక్యురాంటి’ యనుమాట ఇటలీ భాషనుండి వచ్చినది, దేనిని లెక్కచేయనివాడని యర్థము. నందిపాటి చెప్పిన ‘గెటపాన్’ ఫ్రెంచి మాట, పొంచియుండి మీదబడుట యని. బృహత్ తుది పందెములో 90 సెకండ్లలో 29 మాటలకు సరియైన యక్షరములు చెప్పెను. ఊపిరి తీసికొనుటకైన వ్యవధి యుండునా యని నాకు సందేహము.

ఇదంతయు బట్టీ చదువే యని మనము తేలికగా దీసివేయుదుము. లెక్కవేసి చూడుడు. ఆ పోటీకి ప్రమాణము వెబ్‌స్టరు పెద్ద నిఘంటువు. 1961లో వెలువడిన దాని ముద్రణమున నాలుగున్నర లక్షలకు పైగా మాటలు గలవు. దినమునకు ఏబదేసి చొప్పున నేర్చినను ఇరువదినాలుగేండ్లకు పైగా పట్టును. అప్పటికి పిల్లకు పిల్లలు గలుగుదురు. కావున గెలుచువారు అన్నియు గంఠస్థము చేసినవారు కారు, కానేరరు. వేదికపై నిలిచిన బిడ్డ ఆ మాటకు అర్థమేమి, అది యే భాషనుండి వచ్చినది, వాక్యములో నెట్లు వాడుదురు అని యడుగవచ్చును. ఆ జవాబులను బట్టి, ఎన్నడు వినని మాటకును అక్షరములు ఊహించి చెప్పుదురు. ఆ యూహయే అసలు విద్య.

పోటీ జరుపువారును ఈ సంగతి గ్రహించిరి. 2013 మొదలు అర్థములకు సంబంధించిన పరీక్ష చేర్చిరి. 2021 మొదలు వేదికమీదనే అర్థములడుగుచున్నారు. మన హైదరాబాదులో అమెరికా చదువులకు బోవు యువకులు జీఆర్ఈ పరీక్షకొఱకు బారన్స్ పుస్తకములోని 3,500 మాటలను వల్లెవేసిన దినములు మీలో ననేకులకు జ్ఞాపకముండును. అన్నగారు మేడమీద నడచుచు ఆ మాటలు గొణుగుకొనుచుండ, చెల్లెండ్రు క్రింద నవ్వుకొన్న యిండ్లు ఎన్నియో. 2011లో ఆ పరీక్షనుండి వ్యతిరేకపదముల ప్రశ్నలను దీసివేసిరి. ఒంటరి మాటకు ఒంటరి మాట చెప్పుట భాష వచ్చుట కాదని వారికిని దోచియుండును. ఆ పరీక్షకు నేర్చిన మాటలలో ఎన్ని నేడు జ్ఞాపకమున్నవో మీ అన్నదమ్ముల నడిగి చూడుడు.

కావున ఆ సోదరి మొదటి ప్రశ్నకు నా జవాబిది: అక్షరముల వరుసగా నేర్చిన మాట నిలువదు, పనికిరాదు. అర్థముతో, పుట్టుపూర్వోత్తరములతో, వీలైనచో వస్తువును కంట జూచి నేర్చిన మాట నిలుచును. ఇట్లు నేర్పుటకు తల్లికి ఇంగ్లీషు పాండిత్యము అక్కఱలేదు. ఎందుచేత ననెదరా? ఆ మాటలలో ననేకములకు సంబంధించిన వస్తువులు మన యిండ్లలోనే యున్నవి. మాటలను గట్టు పద్ధతియు మనకు గ్రొత్తది కాదు.

ముందు పద్ధతి సంగతి. 2023లో గెలిచిన మాట ‘సామోఫైల్’. దీని మొదట ‘పి’ యను నక్షరము గలదు, పలుకబడదు. ఎందుకని బిడ్డ యడుగును. గ్రీకు భాషలో ‘సామోస్’ అనగా ఇసుక. ఆ భాషలో ఆ మాట పి తోనే మొదలగును. ఇంగ్లీషువారు అక్షరమును ఉంచుకొని పలుకును విడిచిరి. ‘ఫైల్’ అనగా ప్రియమైనది. ఇసుకనేలలయందే పెరుగు మొక్కకు, అందే బ్రతుకు పురుగునకు ఆ పేరు. మనము సైకతప్రియ మనవచ్చును. చూచితిరా? ఇది సమాసము. షష్ఠీ తత్పురుషమని, బహువ్రీహియని మన పిల్లలు తెలుగు పాఠములో విడదీయుచునే యున్నారు. పీతాంబరుడన్న మాటను విడదీయగల పిల్ల గ్రీకు సమాసమును విడదీయలేదా? ఆ రెండు ముక్కలు నేర్చిన పిల్లకు ‘ఫైల్’ చివరనున్న మాటలు పదులకొలది సగము వచ్చినట్లే. ఒక మాటకు ఒక మాట గాక, ఒక ముక్కకు నూఱు మాటలు.

ఇక వస్తువు సంగతి. 2021లో లూసియానా రాష్ట్రమునకు చెందిన జైలా అవాంట్‌గార్డ్ అను బాలిక గెలిచినది. ఆఫ్రికా సంతతికి చెందిన అమెరికా బిడ్డలలో ఈ పోటీ గెలిచినవారిలో ఆమెయే మొదటిది. ఆమెను గెలిపించిన మాట ‘మర్రయా’. ఆసియా, ఆస్ట్రేలియా ఖండముల యుష్ణప్రదేశములందు బెరుగు ఒక చెట్లజాతి పేరని నిఘంటువు చెప్పును. ఆ బాలిక నవ్వుచు, ఈ మాటలో మర్రీ యను మనుష్యుని పేరు గలదా, ఆ పేరు గల హాస్యనటుడొకడున్నాడు గదా, యని యడిగినది. పేరున్నది నిజమే గాని, నటునిది కాదు.

ఆ చెట్లజాతిలో జేర్చబడి లోకమంతట ప్రసిద్ధిగాంచినది యేదో తెలియునా? మన కరివేపాకు! పెరటిలో గోడప్రక్కన నిలిచి, దినమునకు నాలుగుసార్లు మనచేత రెమ్మలు త్రుంపించుకొనుచున్న చెట్టు. శాస్త్రజ్ఞులు దానిని మర్రయా కొయినిగీ యనిరి. ఈ మధ్య ననేకులు దానిని మరల బెర్గేరా యను జాతిలో జేర్చుచున్నారు గాని, కొయినిగీ యను రెండవ ముక్క మాఱలేదు. ఈ పేళ్లలో నిద్దఱు మనుష్యులున్నారు. మర్రీ యనునాతడు స్వీడను దేశమున స్టాకుహోములో బుట్టి, జర్మనీలోని గటింగెను విశ్వవిద్యాలయమున నాచార్యుడైనవాడు. కొయినిగ్ అను నాతడు వైద్యుడు. ఇద్దఱును మొక్కలకు రెండు ముక్కల పేళ్లు పెట్టు పద్ధతిని నెలకొల్పిన లిన్నేయసు శిష్యులు. కొయినిగ్ 1768లో తరంగంబాడిలోని డేనిషువారి స్థావరమునకు వైద్యుడుగా వచ్చి, దక్షిణదేశమంతయు దిరిగి మొక్కలను సేకరించెను. ఆతడు 1785లో కాకినాడ జగన్నాథపురమున అతిసారముచే మరణించెను. ఆ సమయమున ఆతనికి వైద్యము చేసినవాడు సామర్లకోటలో నున్న రాక్సుబరో దొర. ఈయన మన తీరమందలి మొక్కలకు రంగుల బొమ్మలు వ్రాయించి పెద్ద గ్రంథముగ వెలువరించిన వృక్షశాస్త్రజ్ఞుడు.

అమెరికా వేదికపై నొక బిడ్డను గెలిపించిన మాట వెనుక మన కాకినాడలో గన్నుమూసిన వైద్యుడును, మన పోపులో వేయు నాకును గలవు. ఈ కథ చెప్పి, చెట్టు దగ్గఱకు దీసికొనిపోయి, ఒక యీనెకు రెండు వైపుల వరుసగానున్న ఆకులను జూపి, "నిఘంటువులో ఈకవంటి ఆకులన్నది దీనినే" యని చెప్పిన తల్లి, ఆ మాటను బిడ్డచేత మఱవలేనట్లు నేర్పినది. అక్షరములలో రెండు ‘ఆర్’లున్నవన్న సంగతి మాత్రము పుస్తకము చూచి చెప్పుకొనవలెను.

మన తెలుగునుండియే ఇంగ్లీషులోనికి నడచిన మాటలును గలవు. ‘బ్యాండికూట్’ అను మాట పోటీ పట్టికలలో నుండదగినది. అది మన పందికొక్కే! గాదె క్రింద గన్నము వేయు ఆ కొక్కు పేరును ఇంగ్లీషువారు తీసికొనిపోయి, ఆస్ట్రేలియాలో కడుపున సంచి గల వేఱొక జంతువునకు దగిలించిరి. దానికిని దీనికిని చుట్టఱికము లేదు. మనకు ప్రతి చిన్న పక్షియు పిట్టయే; పక్షిశాస్త్రములో మాత్రము ‘పిట్టా’ యన నొక ప్రత్యేకమైన జాతి, రంగురంగుల ఱెక్కలతో నేలమీద నాకులను కెలకుచు దిరుగునది. ‘మంగూస్’ అను మాటకును మన ముంగిసకును గల పోలిక వినగనే తెలియును. అది మరాఠీ ద్వారమున బోయినదందురు. ఇట్టి మాటలను యూల్, బర్నెల్ అను నిద్దఱు దొరలు ప్రోగుచేసి 1886లో ‘హాబ్సన్ జాబ్సన్’ అను విచిత్రమైన పేరుతో నొక నిఘంటువు ప్రకటించిరి. మొహర్రము పండుగలో హసను, హుసేనుల పేళ్లు దలచి విలపించువారి కేకలను తెల్లసిపాయిలు వినిన తీరది. పేరే యొక పాఠము. తీఱిక వేళ చదువుటకు ఇంతకంటె వినోదమైన నిఘంటువు నేను జూడలేదు.

ఇప్పుడు, మాటలను ఏ వరుసలో నేర్పవలెనను ప్రశ్న వచ్చును. పట్టికలు అకారాది వరుసలో నుండును. అది వెదకుటకు మంచి వరుస. నేర్చుటకు చెడ్డ వరుస. ఏలయన, ప్రక్కప్రక్కనున్న మాటలకు మొదటి యక్షరము దప్ప వేఱు సంబంధము లేదు. మన పెద్దలు అమరకోశము నెట్లు నేర్చిరి? అమరసింహుడు దానిని మూడు కాండములుగ జేసి, వానిలో మఱల వర్గములు చేసెను. భూమి, పట్టణము, కొండలు, వనౌషధులు, సింహాదిమృగములు, మనుష్యులు అని రెండవ కాండము నడచును. వంటయింటి మాటలు వైశ్యవర్గములో నున్నవి. వంటయింటికి మహానస మను గంభీరమైన పేరచటనే దొరకును. వనౌషధివర్గము చదువుకొన్న పిల్లవాడు తోటలో దిరిగినంతసేపు పాఠము చదువుచున్నట్లే. అందుచేత ఆ పట్టికను చింపి వర్గములు చేయుడు. మనకు మొదటి వర్గము మహానసమే కావలయును.

పోపులపెట్టె తెఱువుడు. ఇంగువను ఇంగ్లీషులో ‘అసఫెటిడా’ యందురు. పారసీకమున ‘అజా’ యన బంక. లాటినులో ‘ఫెటిడా’ యన కంపుకొట్టునది. కంపు బంక! మూత తీసి బిడ్డ ముక్కు దగ్గఱ నుంచినచో అర్థము చెప్పనక్కఱలేదు. అయిదు నిమిషములు నవ్వును గాని జన్మలో మఱవదు. ఇంగ్లండువారు నడుమ ‘ఓ’, ‘ఇ’ రెండక్షరములు వ్రాయుదురు, అమెరికావారు ‘ఇ’ యొక్కటియే వ్రాయుదురు. పోటీలో ఇట్టివి చూచుకొనవలెను. మెంతులు ‘ఫెనుగ్రీక్’, లాటినులో ‘గ్రీకుల గడ్డి’ యని దాని యర్థము. చింతపండు ‘టామరిండ్’; అరబ్బులు మన చింతపండు చూచి ‘హిందూదేశపు ఖర్జూరము’ అనిరి, ఆ రెండు మాటలే అతుకుకొని యిట్లైనవి. ఉసిరిక ‘ఎంబ్లిక్’, మన ఆమలకమే పారసీకము, అరబ్బీ దాటి ఆ రూపము దాల్చినది.

వంకాయ కథ యింకను దొడ్డది. సంస్కృతమున వాతింగణ మను పేరు పారసీకములోనికి, అచటినుండి అరబ్బీలోనికి బోయినది. అచట రెండు త్రోవలు చీలినవి. పోర్చుగీసువారి నోట బడి సముద్రము మీదుగా మఱల మన దేశమునకే వచ్చి ‘బ్రింజాల్’ అయినది. స్పెయిను ప్రక్కగా ఫ్రాన్సు చేరినది ‘ఓబర్జీన్’ అయినది. కరీబియను ద్వీపములలో ‘బ్రౌన్ జాలీ’ యని యొక పేరున్నది. ‘గోధుమరంగు సంతోషము’ అని దాని యర్థము! ఒకే కాయ, ఒకే మాట. గుత్తివంకాయ కూర చేయుచు ఈ కథ చెప్పినచో కూర మాడకుండ చూచుకొనవలెను.

ఇక సోల సంగతి. మన కొలతలలో నాలుగు గిద్దలు ఒక సోల. రెండు సోలలు ఒక తవ్వ. రెండు తవ్వలు ఒక మానిక. ఇంగ్లండువారి పాత కొలతలను జూడుడు: నాలుగు ‘జిల్లు’లు ఒక ‘పైంటు’, రెండు పైంటులు ఒక ‘క్వార్టు’. పరిమాణములు వేఱుగాని, నాలుగు, రెండు అను మెట్లు రెండును సరిగా నొక్కటే. గిద్దకు జిల్లు, సోలకు పైంటు, తవ్వకు క్వార్టు. జిల్లునకు మొదటి యక్షరము ‘జి’. చేప మొప్పలకును అవే యక్షరములు గాని, అక్కడ ‘గిల్’ అని పలుకవలెను. ఆ యుత్తరము వ్రాసిన సోదరీ, అమ్మాయి పట్టికలో జిల్లు, పెక్కు, బుషెలు అనునవి వచ్చిననాడు మీరు అటకమీది సోల, గిద్ద దింపుడు. లేనిచో ఇరుగుపొరుగు పెద్దవారి నడుగుడు. బియ్యము పోసి కొలిపించుడు. ఒక్క పూటలో రెండు భాషల కొలతలు వచ్చును. సోల యెఱుగనిదని బిడ్డను గోపింపకుడు. పొట్లములలో కిలోల లెక్కన బియ్యము వచ్చు నింట అది సోల నెప్పుడు చూచును? వస్తువు పోయినచో మాట పోవును. ఇది ఇంగ్లీషునకును దప్పలేదు. బుషెలును జూచిన ఇంగ్లీషు పిల్లలు నేడు ఎందఱుందురు?

నాకు భయము వేఱొకటి. వస్తువున్నను, పనియున్నను, మాట పోవుచున్నది. చేటలో పొట్టు పోవునట్లు ఎగురవేయుట చెరుగుట. జల్లెడలో వేసి యాడించుట జల్లించుట. నీటిలో ద్రిప్పి రాళ్లను వేఱుచేయుట గాలించుట. మీ యమ్మాయి ఈ మూటికిని ‘శుభ్రము చేయుట’ యనుచున్నదేమో గమనింపుడు. ఇంగ్లీషులో మొదటిదానికి ‘విన్నో’, రెండవదానికి ‘సిఫ్ట్’ గలవు. మూడవదానికి బియ్యము విషయమున నొక్క మాటతో జెప్పుట కష్టము. ఏటి యిసుకలో బంగారపు రేణువుల గాలించువారికి మాత్రము ‘ప్యాన్’ అను మాట గలదు. బిడ్డ దూరదేశపు మాటను వెదకుచు బోయి, తన యింటి మాట యెంత సూక్ష్మమైనదో తెలిసికొని తిరిగి వచ్చును. నేను ఈ చదువును కాదనకపోవుటకు ముఖ్యకారణ మిదియే.

మాటలు ప్రోగుచేయుట పండితుల పని, మనకేల యనువారికొఱకు ఒక వృత్తాంతము చెప్పెదను. ఆక్సుఫర్డు మహానిఘంటువును జేమ్సు మర్రీ యను నాయన తన తోటలో వేసికొన్న యినుపఱేకుల కొట్టములో గూర్చుండి కూర్చెను. (ఈ మర్రీ, కరివేపాకు మర్రీ కాడు.) ఆయన 1879లో లోకమునకు విజ్ఞప్తి చేసెను: మీరు చదువు పుస్తకములలో నేదైన మాట కనబడినచో, ఆ వాక్యమును, పుస్తకము పేరును, సంవత్సరమును ఒక చీటీపై వ్రాసి పంపుడని. వేలకు వేలు చీటీలు వచ్చినవి. వ్రాసి పంపినవారిలో ననేకులు ఇండ్లలో నున్న స్త్రీలు. ఈడిత్ థాంప్సను, ఆమె సోదరి ఎలిజబెత్తు ఇద్దఱు గలిసి సుమారు 15,000 చీటీలు పంపిరి. మర్రీగారి పిల్లలు పదునొకండుగురును చేతిఖర్చుల డబ్బులకొఱకు చీటీలను వరుసలో బేర్చెడివారు. కుమార్తెలలో గొందఱు పెద్దవారై ఆ పనిలోనే నిలిచిరి. మర్రీగారు 1915లో గతించిరి. 1884లో మొదటి భాగము వెలువడిన ఆ గ్రంథము 1928లో ముగిసినది. 4,14,825 మాటలకు అందర్థములున్నవి. నాడు లండనులో గొప్ప విందు జరిగినది. పురుషులు బల్లలచుట్టు గూర్చుండి భుజించిరి. ఈడిత్ థాంప్సనునకు, మర్రీగారి కుమార్తె రాస్ఫ్రిత్తునకు, మఱియొక సంపాదకుని కుమార్తె ఎలినార్ బ్రాడ్లీకి పైనున్న వసారాలో గూర్చుండి చూచుటకు మాత్రము అనుమతి దొరకినది. నలువదియేండ్ల చాకిరికి ఆ దృశ్యము ప్రతిఫలము. ఇంకొక చిత్రము: ఆ గ్రంథమున నొక మాట చీటీలు పోయి, మాటయే ముద్రణమున దప్పిపోయినది. 1933లో అనుబంధములో జేర్చిరి. అది ‘బాండ్‌మెయిడ్’, వెట్టిదాసి.

ఈ చీటీల పద్ధతినే మీ యింట బెట్టుడు. పాత పెండ్లిపత్రికల అట్టలు అరచేతి ప్రమాణమున గత్తిరించుడు. ఒక వైపున ఇంగ్లీషు మాట, అది యే భాషనుండి వచ్చినది. రెండవ వైపున తెలుగు మాట, ఆ మాటను వాడిన యొక వాక్యము. ఇంగ్లీషు వైపు బిడ్డ వ్రాయవలెను. తెలుగు వైపు మీరు వ్రాయవలెను, లేదా అమ్మమ్మచే జెప్పించి బిడ్డచే వ్రాయింపవలెను. దినమునకు అయిదు చాలును. నేర్చిన చీటీని మఱునాడొకసారి, వారమునకొకసారి, నెలకొకసారి చూడవలెను. తెలుగు మాట దొరకని చీటీలు కొన్ని మిగులును. వానిని బలవంతముగ నింపకుడు.

కొన్ని చీటీలకు తెలుగు వైపే ముందు నిండును. ‘పెట్రికోర్’ అను మాట నేడు పిల్లలందఱికి బ్రియమైనది. ఎండిన నేలపై తొలివాన పడినపుడు లేచు వాసనకు ఆ పేరు. ఈ మాట పుట్టి ఎన్నో యేండ్లు కాలేదు. 1964లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు ఇసబెల్ బేర్ అను నామెయు, రిచర్డు థామసు అను నాయనయు కల్పించిరి. గ్రీకులో ‘పెట్రా’ యన ఱాయి; ‘ఇకోర్’ యన దేవతల నరములలో ప్రవహించు రసము. ఆ వాసనను మన కనౌజులో అత్తరుగా దీయుదురని వారే తమ వ్యాసమున వ్రాసిరి. వాకిట కళ్లాపి చల్లిన ప్రతి స్త్రీయు ఆ వాసన నెఱుగును. మనము మట్టివాసన యంటిమి.

ఆ సోదరికి రెండు హెచ్చరికలు. తెల్లవారుజాము చదువు మాన్పింపుడు. పదునొకండేండ్ల బిడ్డకు నిద్రకంటె ముఖ్యమైన మాట ఏ నిఘంటువులోను లేదు. అక్షరము తప్పినపుడు మీరు "తప్పు" అనుటకు మాఱుగా, "ఆ మాట ఏ భాషనుండి వచ్చినది?" అని యడుగుడు, ఆ జవాబులోనే తప్పు దిద్దుకొను దారి తఱచుగా దొరకును, కన్నీరు తగ్గును. రెండవది, ఈ మాటలను చుట్టముల యెదుట గుమ్మరింపనీయకుడు. వ్యాసములో నొక వాక్యమున మూడు అపురూపపు మాటలు పెట్టిన పిల్లకు మార్కులు రావు, మిత్రులును మిగులరు. నగలు పెట్టెలో నుండవలెను; పెండ్లికి దీయవలెను.

నిఘంటువులు కొనదలచినచో, మాటల పుట్టుక చెప్పు ఇంగ్లీషు నిఘంటువు మధ్యరకము ఒకటి చాలును. కొనకముందు ఏదేని యొక మాట తీసి, అది యే భాషనుండి వచ్చినదో వ్రాసియున్నదా యని యంగడిలోనే చూచుకొనుడు. బ్రౌనుదొర 1852లో వెలువరించిన తెలుగు ఇంగ్లీషు నిఘంటువును, హాబ్సన్ జాబ్సన్‌ను కంప్యూటరులో ఉచితముగ జూడవచ్చును. తెలుగుకు తెలుగు కావలెనన్నచో బహుజనపల్లి సీతారామాచార్యులవారి శబ్దరత్నాకరము నేటికిని బజారులో వెదకిన దొరకును. పాత ప్రతి యగుటచే కాగితము పెళుసుగా నున్నచో, పిల్లల చేతికీయక మీరే తిప్పి చూపుడు.